తరిగొండ వేంగమాంబ

పూర్వపు చిత్తూరు జిల్లాలో వాయల్పాటికి సమీపమున తరిగొండ యను గ్రామము కలదు. అచ్చటి నృసింహాలయము ప్రసిద్ధమైనది. క్రీ.శ. 1730 ప్రాంతమున ఆ గ్రామమున కృష్ణయ్య, మంగమాంబ యను దంపతులకు వేంగమాంబ జన్మించెను. నాటి యాచారము ననుసరించి ఆమెకు బాల్యముననే వివాహము చేసిరి. వరుడు స్వల్పకాలములోనే మరణించెను. కాపురమన నేమో యెరుగని బాలిక వితంతువయ్యెను.

వితంతువు తల గొరిగించుకొనవలెను. పూలు, గాజులు, కుంకుమ విడువవలెను. శుభకార్యములందు కనబడరాదు. ప్రయాణమై బయలుదేరినవాడు వితంతువు ఎదురైనచో ఇంటికి మరలి, కాళ్లు కడిగికొని, కొంతతడవు కూర్చుండి మరల బయలుదేరెడివాడు. భార్యను గోల్పోయిన పురుషుడో, ఒక్క వెండ్రుకనైన గోల్పోనక్కరలేదు. మరుసటి యేడే పెండ్లిపీటపై కూర్చుండవచ్చును. ఇందులో వింత యేమియు ఆనాటి పండితులకు సైతము తోచలేదు. నిత్యము చూచునది వింతగా తోచదు గదా!

వేంగమాంబ ఈ నియమములకు లోబడలేదు. వేంకటేశ్వరుడే తన భర్త యనియు, ఆయన నిత్యుడు గావున తనకు వైధవ్యమే లేదనియు చెప్పెను. పెద్దల శాస్త్రమును త్రోసివేయక, వారి భక్తితోనే వారికి బదులు చెప్పుట ఇచ్చటి విశేషము. బొట్టు పెట్టి, పూలు ముడిచి తిరుగు ఆమెను జూచి ఊరివారు నవ్విరి. కొందరు పిచ్చిదనిరి. తల గొరిగింపవలెనని పీఠాధిపతి వరకును ఫిర్యాదు పోయెనని చెప్పుదురు. ఆ వివాదమును గూర్చి మహిమలతో గూడిన కథలు పెక్కులు కలవు. వాని మాట యెట్లున్నను, ఆమె సుమంగళి వేషమును మాత్రము విడువలేదు.

మదనపల్లెలో రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి చెంత ఆమె యోగవేదాంతముల నభ్యసించెను. పిదప ఊరు విడిచి తిరుమల చేరెను. తుంబురుకోనలో కొంతకాలము తపస్సు చేసెను. చిన్ననాడు ఓనమాలైనను గురువు చెంత నేర్వలేదని చెప్పుకొనిన ఆమె ద్విపద భాగవతము, వేంకటాచల మాహాత్మ్యము మున్నగు గ్రంథములను రచించెను. 1817లో తిరుమలలోనే పరమపదించెను.

ఆచారము మాత్రము అంత త్వరగా కదలలేదు. వితంతు వివాహమును అంగీకరించు చట్టము 1856లో వచ్చినను, 1881లో కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరమున అట్టి తొలి వివాహమును జరిపించినప్పుడు, దానికి తోడ్పడినవారిని వెలివేసిరి. నేడు వెలి మాట అటుండ, పసిపిల్లకు తల గొరిగించిరన్న బడిపిల్లలు నమ్మరు. వేంగమాంబను జూచి నవ్విన వారిలో క్రూరులు కొందరే యుందురు. తక్కినవారు తాము ధర్మమునే కాపాడుచున్నామనుకొనిరి.

తిరుమలలో 2011లో ప్రారంభమైన అన్నప్రసాద భవనమునకు ఆమె పేరుంచిరి. ఎదురుపడుటయే అశుభమని నాడు తలచిన ఆ స్త్రీ పేరిట, రాత్రి ఏకాంతసేవలో స్వామికి ముత్యాలహారతి నేటికిని జరుగుచున్నది.