లూయీ బ్రెయిలీ తల్లిదండ్రులు

పారిసు నగరమునకు తూర్పున కూవ్రే అను చిన్న గ్రామము కలదు. అందు సిమోన్ రెనే బ్రెయిలీ అను తోలు పనివాడు గుఱ్ఱములకు జీనులు, కళ్ళెములు చేసి జీవించుచుండెను. అతనికిని భార్యయైన మోనిక్‌కును నలుగురు పిల్లలు. వారిలో కడపటివాడైన లూయీ 1809 జనవరి 4న జన్మించెను.

1812లో, మూడేండ్ల ప్రాయమున, లూయీ తండ్రి పనిచోట తోలుకు రంధ్రములు వేయు ఆరెను చేతబట్టి, తండ్రి చేయునట్లే తానును చేయబోయెను. మొన జారి కంటిలో దిగెను. సూక్ష్మక్రిముల సంగతి వైద్యులకింకను తెలియని కాలమది. గాయము చీము పట్టి, రెండవ కంటికిని కీడు ప్రాకెను. ఐదేండ్లు వచ్చుసరికి బాలుడు పూర్తిగా అంధుడాయెను.

బిడ్డను గాయపరచినది తండ్రి పనిముట్టే. కుటుంబమును పోషించుటకు ఆ తండ్రి మరల అట్టి పనిముట్లనే పట్టవలసియుండెను. జరిగినదానిని మార్చుట ఆ దంపతుల చేతిలో లేదు. తమ చేతనైనది మాత్రము వారు మానలేదు. బిడ్డను ఒక మూల కూర్చుండబెట్టి దుఃఖించుచుండక, తండ్రి అతనికి చేతికఱ్ఱ చేసియిచ్చెను. ఆ కఱ్ఱతో నేలను తట్టుచు లూయీ గ్రామపు దారులన్నియు తెలిసికొనెను. చెక్కపై మేకులను అక్షరముల రూపమున దిగగొట్టి, వ్రేళ్లతో తడిమి గుర్తించుట తండ్రి నేర్పెను. జీనులకు కట్టు తోలు కుచ్చులు అల్లు పనిని కూడ అప్పగించెను. పల్లుయీ అను గ్రామ గురువు బాలునికి పాఠములు చెప్పెను. పిమ్మట ఇతర పిల్లలతోపాటు అతడు ఊరి బడిలో కూర్చుండెను.

1819లో ఇంతకంటె కష్టమైన ఘడియ వచ్చెను. చూపులేని పదేండ్ల బిడ్డను పారిసులోని అంధ బాలుర విద్యాలయమునకు పంపవలెను. కన్నులవలె కాపాడిన బిడ్డను చేయి విడుచుట ఆ తల్లిదండ్రులకు సులభమా? అయినను వాని మేలుకోరి పంపిరి.

అచ్చట ఉబ్బెత్తు అక్షరముల పుస్తకములు బహు పెద్దవి. చదువుట మెల్లగా సాగెను. షార్ల్ బార్బియే అను సైనికాధికారి పండ్రెండు చుక్కలతో ఒక లిపిని కల్పించియుండెను. లూయీ దానిని ఆరు చుక్కలకు కుదించి, 1824లో, పదునైదేండ్లకే, ఒక వ్రేలిమొన క్రింద ఇమిడిపోవు లిపిని సిద్ధపరచెను. కాగితముపై ఆ చుక్కలను వేయు మొనగల పనిముట్టు తండ్రి ఆరెను పోలియుండుట గమనింపదగినది. 1829లో ఆ లిపి పుస్తకరూపమున వెలువడెను. 1831లో తండ్రి మరణించెను. కుమారుడు తాను చదివిన విద్యాలయముననే ఉపాధ్యాయుడాయెను; దేవాలయములో ఆర్గన్ వాయించి ఆరాధనలో సేవచేసెను. క్షయవ్యాధితో చాలకాలము బాధపడి 1852 జనవరి 6న కన్నుమూసెను. అతని లిపిని ఫ్రాన్సు దేశము అధికారికముగ అంగీకరించినది 1854లో. మన దేశములో 1951లో భారతి బ్రెయిలీ ఏర్పడగా, తెలుగు అక్షరములును ఆ ఆరు చుక్కలలో చేరెను.

గాయపడిన బిడ్డను చూచి, నా అజాగ్రత్త వలననే గదా అని కుమిలిపోవు తల్లిదండ్రులు నేడును గలరు. వారి దుఃఖము ఒక దినమున తీరునది కాదు. కూవ్రే గ్రామపు ఆ దంపతులకును కుమారుని చూపు తిరిగి రాలేదు. అయినను ఒక చేతికఱ్ఱ, కొన్ని మేకులు, కొంత ఓరిమి వారియొద్ద నుండెను. దేవుడు మన చేతికిచ్చిన కొద్దిపాటి సాధనములతో నేటి పనిని నేడు చేయుటయే బిడ్డకు మనము చూపగల ప్రేమ. దాని ఫలమెంత దూరము వ్యాపించునో ఆ తోలు పనివానికి తెలియదు, మనకును తెలియనక్కరలేదు.