తొలి ప్రోగ్రాము వ్రాసిన అడా లవ్‌లేస్

క్రొత్తగ కంప్యూటరు నేర్చు విద్యార్థి నాలుగు పంక్తుల ప్రోగ్రాము వ్రాసి మీట నొక్కును. ఫలితము తెరపై కానవచ్చును. తప్పైనచో దిద్ది మరల నడుపును. తొలి ప్రోగ్రాము వ్రాసినదని పేర్గాంచిన అడా లవ్‌లేస్‌కు ఆ వసతి లేకపోయెను. ఆమె చరిత్రను మా పాఠకులకు ఇచ్చట తెలుపుచున్నాము.

అడా 1815వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి సుప్రసిద్ధ కవియగు బైరన్ ప్రభువు. బిడ్డకు నెల దాటిన కొలది దినములకే తల్లిదండ్రులు విడిపోయిరి. తండ్రి స్వభావము కుమార్తెకు అబ్బునేమోయని వెరచి, తల్లి ఆమెకు బాల్యమునుండియు గణితము చెప్పించెను.

1833లో చార్లెస్ బాబేజ్ అను గణితశాస్త్రజ్ఞుని పరిచయము కలిగెను. పండ్లచక్రములతో తనంతట లెక్కలు వేయు ఆయన యంత్రభాగమును చూచి పదునేడేండ్ల అడా ముగ్ధురాలయ్యెను. 1835లో వివాహమై, ముగ్గురు బిడ్డల తల్లియైన పిదపను ఆమె చదువు మానలేదు. అప్పుడు లేఖల మూలమున ఆమెకు ఉన్నతగణితము బోధించిన అగస్టస్ డి మోర్గన్ 1806లో మన మధురలో పుట్టినవాడని చెప్పుటకు మాకు సంతోషముగ నున్నది.

బాబేజ్ పిమ్మట తలపెట్టినది అనలిటికల్ ఇంజను. అందు అంకెలను దాచు భాగము వేరు, లెక్క చేయు భాగము వేరు. ఆజ్ఞలను చిల్లుల అట్టలపై నీయవలెను. జకార్డు మగ్గమును చూచిన మా పాఠకులకు ఇది సులభముగ బోధపడును. ఆ అట్టల పద్ధతి మగ్గమునుండి గ్రహించినదే.

ఈ యంత్రమును గూర్చి మెనబ్రేయా అను ఇటలీ దేశీయుడు 1842లో ఫ్రెంచి భాషలో వ్రాసిన వ్యాసమును అడా ఆంగ్లీకరించి, దాదాపు మూడింతల వివరణములు చేర్చి 1843లో ప్రకటించెను. చివరి వివరణమున బెర్నూలీ సంఖ్యలను కనుగొను క్రమమును పట్టికగ వ్రాసెను. ఏ మెట్టున ఏ అంకెలను కూడవలెను, వేనిని భాగింపవలెను, ఫలితము నెచ్చట నుంచవలెను, ఏ మెట్లను మరల మరల చేయవలెను, అన్నియు 25 మెట్లలో నున్నవి. బాబేజ్ అంతకుమున్నే ఇట్టివి కొన్ని వ్రాసెనని వాదించువారు కలరు. కాని యంత్రము అంకెలనే గాక సంగీతస్వరములనుసైతము కూర్పగలదని ఊహించుట అడాకే చెల్లినది. మా దృష్టిలో పట్టికకంటె అదియే గొప్ప.

అచ్చైన పట్టికలో 4వ మెట్టున భాగహారము తలక్రిందులై యున్నది. భాజ్యముండవలసిన చోట భాజకము పడినది. ఒక్కమారు నడిపియుండినచో అది బయటపడెడిది. నడుపుటకు యంత్రమేది? బాబేజ్ జీవితకాలమున దాని నిర్మాణము పూర్తికాలేదు.

అడా 1852 నవంబరు 27న గర్భాశయ క్యాన్సరుచే 36 ఏండ్ల వయసున మరణించెను. ఆమె కోరికననుసరించి తండ్రి ప్రక్కనే సమాధి చేసిరి. యంత్రము తన స్మృతిలో నిలుపుకొన్న ప్రోగ్రాము నడచుట 1948 జూన్ 21న మాంచెస్టరులో గాని జరుగలేదు. అందున్నవి 17 ఆజ్ఞలు మాత్రమే. అటుపిమ్మట అడా పట్టికను సవరించి నేటి కంప్యూటర్లపై నడిపి చూచినవారు కలరు. బెర్నూలీ సంఖ్యలు సరిగనే వచ్చినవి.