కోడి రామ్మూర్తి, మా తాత, అమెరికాలో అయిదుగురు

ఎవరైనా ఒక పాతకాలపు మనిషి జీవితం రాయమని క్లబ్ గ్రూపులో మెసేజ్ రాగానే నాకు కోడి రామ్మూర్తి నాయుడు గుర్తొచ్చాడు. గుర్తొచ్చింది మాత్రం ఒక అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ వల్ల. కంగారు పడకండి, రెండూ కలుపుతాను.

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాడు. వాళ్ల యూనివర్సిటీ టీమ్ ఆడిన ప్రతిసారీ నాకు వీడియో ముక్కలు పంపుతాడు. అది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. ముందు వరసలో అయిదుగురు వంగి ఉంటారు. మధ్యలో ఉన్నవాడు సెంటర్, వాడికి అటూ ఇటూ గార్డులు, చివర్న టాకిల్స్. వెనక బంతి పట్టుకున్నవాడు పరిగెత్తడానికి ఎదుటివాళ్లని తోసి దారి తియ్యడమే వీళ్ల పని. దాన్ని రన్ బ్లాకింగ్ అంటారు. ఒక్కొక్కడూ 130, 140 కిలోలు. అయినా ఆ సీజన్ అంతా అన్నయ్య వాళ్ల టీమ్ దారి తియ్యలేకపోయింది. వెనకవాడు వచ్చి సొంత మనుషుల వీపులకే గుద్దుకుని పడిపోతున్నాడు. ఇంత లావు మనుషులకి ఏటొచ్చిందిరా అనిపించింది. బరువుదేం లేదు, ఎవడి నడుము కింద ఉంటే తోపు వాడిదేనని అన్నయ్య చెప్పాడు. అచ్చం అదే మాట మా తాత రామ్మూర్తి గురించి చెప్పీవాడు.

రామ్మూర్తిది వీరఘట్టం. 1880లలో పుట్టాడు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా అనేదే లేదు, అది 1950లో వచ్చింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు వీరఘట్టం పార్వతీపురం మన్యంలోకి వెళ్లిపోయింది కూడా. అయినా మా ఉద్దానంలో ఎవర్ని అడిగినా ఆయన మావోడే అంటారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే ఉంది. వైజాగ్ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. మనలో చాలామంది ఎవరిదో చదవకుండానే దాని ముందు సెల్ఫీ దిగి ఉంటారు. నేనూ దిగాను.

చిన్నతనంలోనే తల్లి పోయింది. విజయనగరంలో ఉన్న పినతండ్రి దగ్గర పెరిగాడు. చదువు మీద కన్నా కుస్తీ మీద, కసరత్తు మీద ధ్యాస ఎక్కువ. పిల్లాడి మనసు ఎటుందో ఇంట్లోవాళ్లు త్వరగానే కనిపెట్టినట్టున్నారు, మద్రాసు దగ్గర సైదాపేటలో వ్యాయామ శిక్షణకి పంపారు. అది పూర్తిచేసి వెనక్కొచ్చి, తను చదివిన బడిలోనే డ్రిల్లు మాస్టారుగా చేరాడు. ఆయన గురించి రాసేవాళ్లు ఈ మాస్టారు ఉద్యోగాన్ని ఒక్క లైనులో దాటేసి నేరుగా ఏనుగు దగ్గరికి వెళ్లిపోతారు. నాకు మాత్రం ముఖ్యమైన భాగం ఇదే అనిపిస్తుంది. వట్టి బలశాలికి తన ఒంట్లో ఏ కండ ఎప్పుడు బిగిసిందో తెలియకపోయినా గడిచిపోతుంది. పిల్లలకి నేర్పాలంటే కాలు ఎక్కడ పెట్టాలి, ఊపిరి ఎప్పుడు పట్టాలి, నడుము ఎంత వంచాలి అని విడదీసి చెప్పాలి.

తర్వాత పొట్టి పంతులు అనే స్నేహితుడి తోడుతో సర్కస్ కంపెనీ పెట్టాడు. ఊరూరా డేరాలు. ఒంటికి ఇనుప గొలుసులు చుట్టించుకుని, ఊపిరి నిండా పీల్చి ఛాతీ విప్పార్చి వాటిని తెంచేవాడు. ఛాతీ మీదికి ఏనుగుని ఎక్కించుకునేవాడు. రెండు చేతులకీ గొలుసులు కట్టించుకుని, వాటికి రెండు కార్లు తగిలించి ఎదురు దిక్కుల్లో నడపమనేవాడు. కార్లు కదిలేవి కావు. కలియుగ భీముడు అన్నారు జనం. లండన్ వెళ్లి అయిదో జార్జి ముందు ప్రదర్శన ఇస్తే ఇండియన్ హెర్క్యులస్ అని బిరుదు ఇచ్చాడని చెప్తారు. ఇంత చేసినవాడు శాకాహారి అట. నెలకి రెండు డబ్బాల ప్రొటీన్ పౌడర్ తాగి లిఫ్ట్ కోసం నిలబడే మా హాస్టల్ వీరులు ఇది గమనించాలి.

మనం ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి ఆ రెండు కార్ల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీయండి. ఎడమవైపు ఎంత లాగుడో కుడివైపూ అంతే ఉంటే మనిషి మీద నెట్ ఫోర్స్ సున్నా. కాళ్లు జారిపోవు. అయితే ఇందులో గొప్ప లేదా? ఉంది. ఆ టెన్షన్ మొత్తం పిడికిలి నుంచి మణికట్టుకి, మోచేతికి, భుజానికి, ఛాతీ మీదుగా రెండో చేతికి వెళ్లాలి. ఆ దారిలో ఏ ఒక్క కీలు ఒక్క క్షణం ఆలస్యంగా బిగిసినా అక్కడే ఊడొస్తుంది. మిగతా కండలు ఎంత గట్టివైనా దాన్ని కాపాడలేవు. అన్నయ్య పంపిన వీడియోలో అయిదుగురి కష్టం కూడా ఇదే. నలుగురు సరిగ్గా తోసినా అయిదోవాడు అర సెకను ముందు నిటారుగా లేస్తే, ఆ సందులోంచి ఎదుటివాడు దూరి బంతి ఉన్నవాణ్ణి వెనకే పట్టేస్తాడు. రామ్మూర్తికి తన ఒళ్లంతటికీ ఒకే బుర్ర ఉంది. వీళ్లకి అయిదు బుర్రలు. పైగా కాలేజీ టీమ్ కదా, సీనియర్లు ఏటేటా వెళ్లిపోతారు, పక్కవాడి అడుగు అలవాటయ్యే లోపు ఆ పక్కవాడే మారిపోతాడు.

మా తాత రామ్మూర్తిని చూడలేదు. తాత పుట్టేసరికే ఆయన పోయాడు. ముత్తాత చిన్నప్పుడు ఎవరి భుజాల మీదో కూర్చుని సర్కస్ చూశాడట. ఆ కథలు తాత దగ్గరికి, అక్కణ్ణుంచి నా దగ్గరికి వచ్చాయి. కథలే కాదు, పద్ధతి కూడా వచ్చిందని నాకు 2018లో తెలిసింది.

ఆ ఏడు అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ మా వజ్రపుకొత్తూరు వైపే తీరం దాటింది. తెల్లారి చూస్తే కొబ్బరితోట తోటలా లేదు. మా వీధి మొదట్లో ఒక పెద్ద కొబ్బరిచెట్టు వేరుతో సహా రోడ్డుకి అడ్డం పడింది. నీళ్ల ట్యాంకర్ లోపలికి రావాలంటే అది జరగాలి. పదిమంది తోస్తున్నారు, కదల్లేదు. ఒకడు నిలబడి తోస్తాడు, ఇంకొకడు వాడు అలిసిపోయాక మొదలెడతాడు. తాత వచ్చి అందర్నీ ఆపేశాడు. మోకాళ్లు వంచి మాను కన్నా కిందికి దిగమన్నాడు. చేతులు చాచకుండా ఛాతీకి దగ్గరగా పెట్టమన్నాడు. పెద్ద అంగలు వద్దు, చిన్న అడుగులు ఆపకుండా వెయ్యమన్నాడు. వేరు వైపు బరువెక్కువ కాబట్టి అక్కడ ఇద్దర్ని జతగా పెట్టి, అది కదిలాకే ఒకడు రెండో చివరకి పరిగెత్తాలని చెప్పాడు. తర్వాత లెక్కపెట్టాడు. మాను దొర్లింది.

అన్నయ్య రన్ బ్లాకింగ్ వివరించినప్పుడు నాకు నవ్వొచ్చింది. వాళ్ల కోచ్‌లు చెప్పేదీ ఇదే. ఎదుటివాడి కన్నా కింద ఉండాలి, చేతులు వాడి ఛాతీ లోపలివైపు పెట్టాలి, అడుగులు ఆగకూడదు. ఇద్దరు కలిసి ఒకణ్ణి తోసి, వాడు జరిగాక ఒకడు విడిపోయి వెనక ఉన్న లైన్‌బ్యాకర్ మీదికి వెళ్లాలి. ముందే విడిపోతే మొదటివాడు తప్పించుకుంటాడు, ఆలస్యమైతే లైన్‌బ్యాకర్ వచ్చేస్తాడు. ఇంకోటి కూడా ఉంది. మనకి బంతి విసరడం రాదని ఎదుటి టీమ్‌కి తెలిస్తే ఎనిమిది మందిని ముందుకు తెచ్చి నిలబెడుతుంది. అయిదుగురు ఎనిమిది మందిని తొయ్యలేరు. అప్పుడు తిట్లు మాత్రం ఈ అయిదుగురికే. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

రామ్మూర్తి దగ్గరికి వస్తాను. ఆయన చాలా సంపాదించాడు, సంపాదించింది దానధర్మాలకి ఇచ్చేశాడు. చివరికి కాలికి జబ్బు చేసి కాలు తియ్యాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని ప్రాణాయామంతోనే ఆపరేషన్ చేయించుకున్నాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, అన్ని ప్రదర్శనల్లోనూ ఆయన దేని మీద నిలబడ్డాడో అదే పోయింది. ఒడిశా వైపు ఒక సంస్థానం ఆదరణలో చివరి రోజులు గడిపి, 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో పోయాడు. తాత ఈ భాగం ఎప్పుడూ త్వరగా చెప్పేసి ఏనుగు దగ్గరికి తిరిగి వెళ్లిపోయేవాడు.

ఇప్పుడు అస్సలు చెప్పడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు పేపర్లలో తెలిసే ఉంటుంది. ఇన్నేళ్లయినా కారణం ఇదీ అని తేలలేదు. మా తాతకీ వచ్చింది. మొదట టెక్కలి తీసుకెళ్లేవాళ్లం, ఇప్పుడు పలాస. వారానికి మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఎడమ చేతికి ఫిస్టులా చేశారు. ఆ చేత్తో బరువులెత్తకూడదు, బిందె కూడా. ఆ మాట విన్నరోజు తాత ఇంటికొచ్చి చాలాసేపు ఆ చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు రామ్మూర్తి కాలు గుర్తొచ్చింది, పైకి అనలేదు.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు డయాలసిస్‌కి నేనే తోడెళ్లాను. నాలుగు గంటలు గడవాలి కదా, అన్నయ్య పంపిన వీడియోలు ఫోన్లో చూపించాను. ఆట ఏటో తాతకి తెలీదు. బంతి ఎటెళ్లిందో అడగలేదు. ఆ ముందు వరస దగ్గరే మూడు నాలుగు సార్లు వెనక్కి తిప్పించాడు. తర్వాత మంచిగా ఉన్న చేత్తో స్క్రీన్ మీద ఎడమ నుంచి రెండోవాణ్ణి చూపించి, ఈ గుంటడు అందరికన్నా ముందు లేచిపోతున్నాడు, నడుము వంచమని మీ అన్నకి ఫోన్ చేసి చెప్పమన్నాడు.