మెట్రిక్యులేషన్ తప్పిన మహావైద్యుడు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల హైస్కూళ్ళలో తొమ్మిదవ తరగతి నుండే వైద్యకళాశాల సీటుకు లెక్కలు వేసుకొనే విద్యార్థులకు డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారి చదువు వింతగా తోచవచ్చు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో ఉత్తీర్ణులయ్యారు. మామగారి ధనసహాయంతో మద్రాసు వైద్యకళాశాలలో చదివారు. ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహానికి గురియైనందున ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కింది. పరీక్ష తప్పడంకన్న ఈ దెబ్బే బరువైనది. బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరుస్తూ హార్వర్డులో చదివారు, 1930లో పిహెచ్.డి. పొందారు. స్ప్రూ వ్యాధి ఆయన సోదరుణ్ణి బలిగొన్నది. ఆ వ్యాధికి పనిచేసే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన నాయకత్వంలోని లెడర్లీ పరిశోధకులే కృత్రిమంగా తయారుచేశారు. బోదకాలుకు నేటికీ ఇచ్చే డి.ఇ.సి. మాత్ర కూడా ఆ ప్రయోగశాలదే. 1948లో కన్నుమూసేనాటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు.