విమానశిల్పి కెల్లీ జాన్సను

గ్రంథాలయము వలన గ్రామమునకు కలుగు మేలేమని ప్రశ్నించువారు నేటికిని కలరు. బీరువాలోని పుస్తకము పంటను పెంచదు, పశువును మేపదు, అప్పును తీర్చదు. ఐనను ఆ పుస్తకమే తగిన బాలుని చేతబడినచో ఏమి కాగలదో చూపుటకై, మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున, ఒక మహనీయుని జీవితమును చదువరులకు విన్నవింప దలచితిని. ఆయన పేరు క్లారెన్సు లియొనార్డు జాన్సను. లోకమునకు కెల్లీ జాన్సనుగా పరిచితుడు.

జాన్సను 1910వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో, మిచిగన్ రాష్ట్రపు ఉత్తరభాగముననున్న ఇష్‌పెమింగు అను ఊర జన్మించెను. అది ఇనుప గనుల ఊరు. చలికాలమున మంచు విపరీతముగ కురియును. తల్లిదండ్రులు స్వీడను దేశమునుండి వలస వచ్చినవారు. తండ్రి గృహనిర్మాణపు పనులు చేసి కుటుంబమును పోషించుచుండెను. తొమ్మండుగురు సంతానములో మన జాన్సను ఏడవవాడు. ఇంట భాగ్యము లేదు. కాని ఊర కార్నెగీ అను దాత ద్రవ్యముతో వెలసిన గ్రంథాలయమొకటి యుండెను. పుస్తకములు కొనజాలని బాలుడు అచ్చటికి పోయి చదువ మొదలిడెను. టామ్ స్విఫ్టు అను సాహసబాలుడు విమానములను, చిత్రవిచిత్ర యంత్రములను తానే నిర్మించు కథలు అచ్చట నుండెను. అవి ఉత్తమ సాహిత్యమని ఎవరును చెప్పరు. ఐనను వానిని చదివియే, పండ్రెండేండ్ల ప్రాయమున, తాను విమానములను రూపొందించువాడను కావలెనని జాన్సను నిశ్చయించుకొనెను. మరుసటి యేడు తాను కల్పించిన విమానపు నమూనాకు బహుమానమును పొందెను. ఆ నిశ్చయమును మరల మార్చుకొనలేదు.

కెల్లీ అను పేరునకు ఒక చిన్న కథ కలదు. బడిలో తోటి బాలురు క్లారెన్సు అను పేరును ఆడుపిల్ల పేరైన క్లారాగా మార్చి ఎగతాళి చేయుచుండిరి. ఒకనాడతడు ఓర్పు నశించి ఒక బాలుని కాలడ్డి పడద్రోయగా, ఆ బాలుని కాలు విరిగెను. అంతట ఆడుపేరితనికి తగదని బాలురే తీర్మానించి, నాడు ప్రసిద్ధమైయున్న ఒక పాటనుండి కెల్లీ అను పేరు తెచ్చి పెట్టిరి. ఆ పేరును, ఆ ముక్కుమీది కోపమును కడదాక ఆయనను విడువలేదు.

1923లో కుటుంబము ఫ్లింటు అను పట్టణమునకు తరలిపోయెను. చదువునకు కావలసిన సొమ్మును జాన్సను తన చేతులతోనే సంపాదించుకొనెను. విద్యార్థుల వసతిగృహమున గిన్నెలు కూడ కడిగెను. మిచిగన్ విశ్వవిద్యాలయమున 1932లో పట్టమును, 1933లో విమాననిర్మాణ శాస్త్రమున ఉన్నత పట్టమును పొందెను. ఆ విద్యాలయమున గాలిసొరంగము అను సాధనమొకటి కలదు. పెద్ద గొట్టము వంటి గదిలో విమానపు చిన్న నమూనాను నిలిపి, యంత్రముతో గాలిని వీపించి, ఆ గాలి నమూనాను ఎంత పైకెత్తునో, ఎంత వెనుకకు లాగునో కొలుతురు. ఖాళీవేళలలో జాన్సను ఒక మిత్రునితో కలిసి దానిని అద్దెకు పుచ్చుకొని, మోటారుకారులను తయారుచేయు కంపెనీలకు పరీక్షలు చేసిపెట్టెను. కంటికి కనబడని గాలిని ఆయన చూడగలడని పెద్దలు పిమ్మట చెప్పుకొనిరి. ఆ చూపు అలవడినది ఈ సొరంగమునందే.

1933లో కాలిఫోర్నియాలోని బర్‌బాంకునందున్న లాక్‌హీడ్ కంపెనీలో నెలకు 83 డాలర్ల జీతమున చేరెను. ఆ కంపెనీ అంతకు మునుపే దివాలా తీసి, 1932లో కేవలము 40,000 డాలర్లకు చేతులు మారియుండెను. క్రొత్త యజమానుల ఆశలన్నియు ఎలక్ట్రా అను రెండింజనుల విమానముపైననే నిలిచియుండెను. దాని నమూనాను మిచిగన్‌లో పరీక్షించినప్పుడు జాన్సను స్వయముగ పనిచేసినవాడు. ఫలితములు తృప్తికరములని ఆచార్యులు వ్రాసియిచ్చిరి. జాన్సను మాత్రము, ఉద్యోగమున చేరిన క్రొత్తలోనే, ఆ విమానము గాలిలో నిలకడగా నడువజాలదని పెద్దల యెదుట చెప్పెను. అప్పటికాయన వయస్సు ఇరువదిమూడేండ్లు. అవి అమెరికాలో పనికై జనులు వీధులవెంట తిరుగుచున్న దినములు. ఊరకుండిన జీతము నిలుచును. నోరు విప్పిన ఉద్యోగమే పోవచ్చును.

ప్రధాన ఇంజనీరు హిబ్బర్డు వివేకి. నిందించిన వానిని వెడలగొట్టక, దోషమును దిద్దుమని నమూనాతో సహా మిచిగన్‌కే తిరుగ పంపెను. జాన్సను డెబ్బదిరెండు పరీక్షలు చేసినను సమస్య తీరలేదు. డెబ్బదిమూడవ పరీక్షలో తీరెను. ఒంటి నిలువుతోకకు బదులుగా, అడ్డుతోక కొనలయందు రెండు నిలువుతోకలు అమర్చుటయే ఆ పరిష్కారము. 1934లో ఎలక్ట్రా ఎగిరెను, కంపెనీ నిలబడెను. మొదటి పద్దులోని తప్పు చివరి మొత్తము వరకు వెన్నంటి వచ్చునని లెక్కలు వ్రాయువారికి తెలియును. పై అధికారి చేవ్రాలున్న పద్దులో తప్పు చూపుటకెంత గుండెనిబ్బరము కావలెనో కూడ వారికే తెలియును.

అటుపిమ్మట ఆయన కీర్తి విమానములతోపాటు పైకెగసెను. 1939లో మొదట ఎగిరిన పి-38 యుద్ధవిమానము పదివేలకు పైగా తయారయ్యెను. 1943లో మొదట ఎగిరిన కాన్‌స్టెలేషన్ అను ప్రయాణికుల విమానపు రూపకల్పనలోను ఆయన ముఖ్యుడు. ఆ జాతి విమానమైన మలబార్ ప్రిన్సెస్ 1948 జూన్ 8వ తేదీన బొంబాయినుండి లండనుకు బయలుదేరి, ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ వారి విదేశయానమునకు నాంది పలికెను. ఇష్‌పెమింగు బాలుని కలకును మన దేశమునకును గల సంబంధమిది.

1943లో జెట్ యుద్ధవిమానమును 180 దినములలో నిర్మించి యిచ్చెదమని ఒప్పుకొని, జాన్సను 143 దినములలోనే ముగించెను. దీనికై పాత ఇంజనుల పెట్టెలను గోడలుగ పేర్చి, సర్కసు డేరాను కప్పుగ వేసి, కొలదిమంది పనివారితో ప్రత్యేక కర్మశాలను నడపెను. ప్రక్కనున్న కర్మాగారపు దుర్గంధము వలన, దుర్వాసనను చిమ్ము స్కంకు అను జంతువు పేరిట దానికి స్కంకు వర్క్సు అను వేళాకోళపు పేరు స్థిరపడెను.

ఆ కర్మశాలయందే జెట్ స్టార్ పుట్టెను. 1956లో అమెరికా వాయుసేన వారు కొలదిమంది ప్రయాణించుటకు తగిన చిన్న జెట్ విమానము కావలెనని కోరిరి. కాని నమూనాలను కంపెనీలు తమ సొంత ఖర్చుతో చేయవలెననిరి. జాన్సను బృందము రూపకల్పన మొదలిడిన 241 దినములకే, 1957 సెప్టెంబరు 4వ తేదీన, తొలి విమానము ఎగిరెను. దానికి తోకవద్ద రెండు బ్రిటిషు ఇంజనులు మాత్రమే యుండెను. ఆ ఇంజనులను అమెరికాలో తయారుచేయించుటకు సాగిన సంప్రదింపులు ఫలింపలేదు. ప్రభుత్వము ఖర్చు తగ్గించుకొనుటతో, కొనుగోలు చేయుదురన్న ఆశయు సన్నగిల్లెను. విమానము సిద్ధము, దానికి ఇంజను లేదు, కొనువాడు లేడు.

ఇట్టియెడ పలువురు పనిని విరమింతురు. వారు విరమింపలేదు. ఒక్కొక్కటి 3,000 పౌనుల తోపుబలముగల చిన్న అమెరికా ఇంజనులను నాలుగింటిని తెచ్చి, తోకకు ఇరుప్రక్కల జంటలుగ 1959లో రెండవ నమూనాకు అమర్చిరి. ఏ రూపమును చూచి విమానప్రియులు నేటికిని ముగ్ధులగుచున్నారో, ఆ నాలుగింజనుల రూపము అవసరము వలన ఏర్పడినదే. ఒక ఇంజను ఆగినను మూడు మిగులును. ఇంజనులు వెనుకనుండుటచే లోపలివారికి రొద తక్కువ. రెక్కల నడుమ చెప్పులు తొడిగినట్లుండు ఇంధనపు తొట్టులు, దూరమునుండియే జెట్ స్టార్‌ను గుర్తింపజేయును. నడవను కొంత క్రిందికి దించి, ఆసనములను ఇరువైపుల ఎత్తున నిలుపుటచే, చిన్న విమానమయ్యును మనుష్యుడు నిటారుగ నడువగలడు. ముక్కు పైకో క్రిందికో ఒరుగకుండ సమతూకము చేయుటకు నిలువుతోక మొత్తము కదలునట్లు చేయుట మఱియొక విశేషము. పదిమంది వరకు కూర్చుండి గంటకు సుమారు 500 మైళ్ళ వేగమున పోవచ్చును.

1961లో దానికి ప్రభుత్వపు అనుమతి లభించెను. వ్యాపారుల రాకపోకలకై ప్రత్యేకముగ నిర్మింపబడి వాడుకలోనికి వచ్చిన తొలి జెట్ విమానములలో ఇది యొకటి. 1978 వరకు జార్జియా రాష్ట్రములోని మారియెట్టాలో సుమారు 204 తయారయ్యెను. వాయుసేనయు కొనెను. అధ్యక్షుడు లిండన్ జాన్సను, పెద్ద విమానము దిగజాలని తన టెక్సాసు పొలమునకు దీనిలోనే పోవుచుండెను. 1962లో జాక్వెలిన్ కోక్రన్ అను వీరవనిత దీనిని నడపి, జెట్ విమానమున అట్లాంటిక్ మహాసముద్రమును దాటిన తొలి మహిళా వైమానికురాలయ్యెను. గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ కొన్న జెట్ స్టార్‌ను ఆయన గృహమున ప్రదర్శనకు నిలిపిరి.

దీనికి దోషములు లేకపోలేదు. ఇంధనమును మిక్కిలి త్రాగెడిది. నేలపైనున్నవారికి చెవులు గింగురుమనునట్లు మ్రోగెడిది. 1970ల దశకమున పొదుపైన వేరు ఇంజనులమర్చి ఆ దోషములను కొంత మాన్పిరి. అయినను కాలము దానిని దాటిపోయెను. కాని నా మనస్సునకు హత్తుకొనిన విషయము వేఱొకటి కలదు. తొలి నమూనాను జాన్సను తన సొంత ప్రయాణములకే వాడుకొనెను. తాను వండినది తాను తిననొల్లని వంటవానిని ఎవరు నమ్ముదురు? తన లెక్క సరియైనదని నమ్మినవాడే తన ప్రాణమును దానికి అప్పగింపగలడు. పరీక్షార్థము ఎగురు విమానములలోను ఆయన పలుమారులు కూర్చుండెను.

సొమ్ము విషయమునను ఆయన నడవడి అట్టిదే. పనినడుపుటకు ఆయన ఏర్పరచిన పదునాలుగు నియమములలో ఒకటి లెక్కలను గూర్చినది. ఇప్పటివరకైన ఖర్చునేగాక, పని ముగియువరకు కాబోవు ఖర్చును కూడ నెలనెలకు చూపవలెను. సొమ్మిచ్చువారికి హఠాత్తుగ పెరిగిన పద్దు చూపరాదు. 1955లో ఎగిరిన యు-2 అను మిక్కిలి ఎత్తున ఎగురు విమానమునకు అనుకొన్నదానికన్న తక్కువ ఖర్చు కాగా, మిగిలిన సొమ్మును ప్రభుత్వమునకు తిరిగి యిచ్చెను. హైడ్రోజను ద్రవముతో ఎగురు విమానమును చేయబూనినప్పుడు, అది తగినంత దూరము పోజాలదని గ్రహించి, ఈ పనిని ఆపుడని ప్రభుత్వమునకు తానే చెప్పెను. ఆపకున్నచో లాభమాయన కంపెనీకే!

ఆయన విమానములలో పెక్కు యుద్ధమునకును గూఢచర్యమునకును వినియోగపడినవి. 1960 మే 1వ తేదీన యు-2 సోవియట్ భూమిపై కూల్చబడగా లోకము కలవరపడెను. ఇది మరువరాని సంగతి. విద్య ఎవరి చేతిలో ఏ పనికి వినియోగపడునో విద్వాంసుడొక్కడే నిర్ణయింపజాలడు. ఆ పట్టికలో కాన్‌స్టెలేషన్, జెట్ స్టార్ వంటివి కూడ నుండుట మనకు ఊరట.

1964లో ఎగిరిన ఎస్ఆర్-71 ధ్వనివేగమునకు మూడింతల వేగమున పోయి ఆయన కీర్తికి శిఖరమయ్యెను. ఆ యేడే దేశాధ్యక్షుని చేతులమీదుగ స్వాతంత్ర్య పతకమును పొందెను. లాక్‌హీడ్ పెద్దలు మూడుమారులు ఉన్నత పదవి నొసగజూపగా, గీతబల్లను విడువనొల్లక మూడుమారులును కాదనెను. 1975లో పదవీవిరమణ చేసి, 1990 డిసెంబరు 21వ తేదీన ఎనుబదవ యేట బర్‌బాంకున కాలధర్మము నొందెను.

మన గ్రంథాలయమునకు నేడు ఇరువదియైదేండ్లు. ఇచ్చటి బల్లపై వంగి చదువుకొను పిల్లలు చదువునది చిన్నకథయే కదా యని పెద్దలు విసుగుకొనకుందురు గాక. ఇష్‌పెమింగు గ్రంథాలయపు లెక్కలలో ఆ కథల పుస్తకపు ఖరీదు మిక్కిలి చిన్న పద్దు. దాని ఫలమును లెక్కగట్టు చిట్టా మాత్రము ఎవరియొద్దను లేదు.