జి.డి. నాయుడు: బడి విడిచిన ప్రిన్సిపాలు

పట్టభద్రుడు కాని వ్యక్తి సాంకేతిక విద్యాసంస్థకు ప్రిన్సిపాలు కావడం మన దేశంలో అరుదు. గోపాలస్వామి దొరైస్వామి నాయుడుగారు అట్టి అరుదైన వ్యక్తి. 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపాన గల కలంగల్ గ్రామంలో, తరతరాలుగా తమిళదేశంలో స్థిరపడిన ఒక తెలుగు వ్యవసాయ కుటుంబంలో ఆయన జన్మించారు. బడి చదువు చిన్ననాడే ఆగిపోయింది.

యౌవనంలో ఒక ఆంగ్లేయుని మోటారు సైకిలు ఆయన కంటబడింది. దానికోసం హోటలులో సర్వరుగా పనిచేసి పైసా పైసా కూడబెట్టారు. కొన్న తరువాత దానిని విప్పి, తిరిగి బిగించి యంత్రరహస్యం గ్రహించారు. 1920లో ఒకే ఒక్క బస్సును పొల్లాచి, పళనిల నడుమ నడిపారు. క్రమేణా అది పెద్ద రవాణా సంస్థ అయింది.

బ్యాటరీతో నడిచే రసాంత్ క్షురయంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా, పండ్లరసం తీసే యంత్రం ఆయన రూపొందించినవే. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి తయారుచేసిన విద్యుత్ మోటారును దేశంలో మొదటిదిగా చెబుతారు. 1941లో డెబ్బది రూపాయలకే అయిదు వాల్వుల రేడియో ఇవ్వగలనన్నారు. 1952లో రెండువేల రూపాయల ఖరీదులో ఇద్దరు కూర్చునే కారు తయారుచేశారు. ప్రభుత్వం లైసెన్సు నిరాకరించడంతో అది అంతటితో ఆగింది. సామాన్యుడు కొనగల ధరను మొదట నిర్ణయించుకొని, వస్తువును దానికి తగినట్లు మలచడం ఆయన పద్ధతిగా కనిపిస్తుంది.

విద్య విషయంలోనూ ఆయన ఖర్చునే లెక్కించారు, రూపాయలలో కాదు, సంవత్సరాలలో. ఆయన తోడ్పాటుతో కోయంబత్తూరులో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. ప్రిన్సిపాలు బాధ్యత ఆయనే వహించారు. నాలుగేళ్ళ పాఠ్యక్రమం కాలహరణమనీ, అదే విషయం రెండేళ్ళలో బోధించవచ్చుననీ వాదించారు. ప్రభుత్వం సమ్మతించలేదు. 1945లో పదవి త్యజించారు. అప్పటికి మన వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన జరగడానికి ఇంకా పద్నాలుగేళ్ళున్నది.

గణితం వంటి శాస్త్రాలు నిదానంగా గాని పట్టుబడవు. నాయుడుగారి లెక్క అన్నింటికీ చెల్లదని నా అభిప్రాయం. కాని ఇంటిల్లిపాది ఎవని సంపాదన కోసం ఎదురుచూస్తున్నదో ఆ విద్యార్థికి రెండేళ్ళంటే ఎంతో, హోటలులో ఎంగిలి బల్లలు తుడిచిన ఆయనకు తెలిసినట్లు ప్రభుత్వానికి తెలియలేదు. రాజీనామాతో ఆయన ఊరుకోలేదు. స్వల్పకాలిక శిక్షణలు నడిపారు.

1974 జనవరి 4న నాయుడుగారు కన్నుమూశారు. ఆ ఇంజనీరింగు కళాశాల నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నడుస్తున్నది. అక్కడ పట్టానికి నేటికీ నాలుగేళ్ళే.