బెత్తము పట్టని గురువు

ఇటలీ దేశమునందలి టూరిన్ నగరమున, సహాయమాత దేవాలయము ఎదుట ఒక కాంస్యశిల్పము గలదు. నడుమ ఒక కతోలిక గురువు నిలిచియుండగా బాలురు ఆయనను చేరువగా చుట్టుకొనియుందురు. ఆ గురువు చేత బెత్తము లేదు. ఆయనయే జాన్ బోస్కో.

1815 ఆగస్టు 16వ తేదీన, కాస్టెల్నువో సమీపమున బెక్కి అను పల్లెయందు ఒక పేద రైతుకుటుంబమున ఆయన జన్మించెను. రెండేండ్లు నిండకమునుపే తండ్రి గతించెను. తల్లి మార్గరీటా అక్షరమెరుగని యిల్లాలైనను కుమారుని విద్యాసక్తిని గుర్తించెను. కాని సవతి అన్న ఆంటోనియోకు తమ్ముని చదువు కిట్టలేదు. ఆ కలహము కారణముగా పండ్రెండేండ్ల బాలుడు 1828లో ఇల్లు విడిచి, పరుల పొలమున పాలేరుగా చేరెను. పిదప కియేరీ పట్టణమున కుట్టుపని మొదలగు కొలువులు చేయుచు చదువుకొని, 1841 జూన్ 5వ తేదీన గురుపట్టము పొందెను.

ఆ కాలమున పనికై పల్లెలనుండి వచ్చిన బాలురు పెక్కురు టూరిన్ వీథులలో దిక్కులేక తిరుగుచుండిరి. కారాగారమునకు పోయి చూచిన బోస్కోకు, విడుదలయైన బాలురే మరల అచట కనబడుచుండిరి. వెలుపల తమకొక ఆప్తుడున్నచో వీరికీ గతి పట్టదుకదా యని ఆయనకు తోచెను.

1841 డిసెంబరు 8వ తేదీన జరిగినదిగా ఆయన తన స్మృతులలో ఒక సంగతి వ్రాసెను. పూజలో తోడ్పడుట తెలియదన్నందుకు దేవాలయ పరిచారకుడొకడు ఒక అనాథబాలుని కొట్టి తరిమెను. బోస్కో ఆ బాలుని మరల పిలిపించి, ఓదార్చి, పాఠము చెప్పెను. ఆయన జీవితకార్యమున కదియే నాందియయ్యెను.

బాలుర సంఖ్య పెరిగెను. వారి సందడి సహింపలేనివారు పెక్కుచోట్లనుండి వారిని వెడలగొట్టిరి. తుదకు 1846 ఈస్టరు పండుగనాడు వాల్డొక్కోయందు ఒక పాకలో వారికి నిలువనీడ దొరకెను. తల్లి మార్గరీటా అచటికి వచ్చి, వారికి వండిపెట్టుచు, చిరిగిన బట్టలు కుట్టుచు, 1856లో మరణించువరకు సేవచేసెను. పగలు పనిచేయు బాలురకు రాత్రిబడి నడచెను. 1853లో చెప్పులు కుట్టుట, బట్టలు కుట్టుట నేర్పు కర్మశాలలు వెలసెను.

కొట్టనిదే విద్య రాదని పెక్కురు నమ్మిన దినములవి. 1852లో ఒక బాలుని వడ్రంగమునకు పెట్టునపుడు బోస్కో పత్రము వ్రాయించెను. తప్పుచేసినచో మాటలతోనే ప్రేమగా దిద్దవలెనుగాని వేరొండు విధమున దండింపరాదని యజమాని అందు ఒప్పుకొనెను. హేతువు, మతము, వాత్సల్యము అను మూడింటిపై బోధన నిలువవలెనని 1877లో ఆయన తన పద్ధతిని వివరించెను. 1859లో ఆయన స్థాపించిన సలేషియన్ సంఘము ఆ పద్ధతిని దేశదేశములకు కొనిపోయెను.

1888 జనవరి 31వ తేదీన బోస్కో మరణించెను. శతజయంతికే శిల్పమును నెలకొల్ప సంకల్పింపగా మహాయుద్ధము అడ్డుపడెను. గయెటానో చెల్లీని మలచిన ఆ విగ్రహము 1920 మే 23వ తేదీన ఆవిష్కరింపబడెను. దానికి ధనము కూర్చినవారు ఆ సంఘపు పాఠశాలల పూర్వవిద్యార్థులు. పోపు ఆయనను పునీతునిగా ప్రకటించినది 1934లో. అంతకు పదునాలుగేండ్ల పూర్వమే శిష్యుల కృతజ్ఞత ఆయనకు పీఠము వేసెను. గురువునకు అంతకు మించిన సత్కారమేది?